గాలిలోది నేలకు దించే ఖర్చు

(ఎరువు కథ – ఎనిమిదో భాగం)

నీటి వసతి కింద మిరప వేసే రైతుకు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పే మోతాదు ఎకరాకు 120 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 48 కిలోల పొటాష్. యూరియా బస్తా ఇప్పుడు 45 కిలోలు. అందులో నత్రజని 46 శాతం, అంటే బస్తాకు ఇరవై కిలోల పైచిలుకు. అన్నీ యూరియాగానే వేస్తే ఎకరం మిరపకు ఆరు బస్తాలు. గుంటూరు చుట్టుపక్కల చెప్పిన మోతాదు దగ్గర ఆగే మిరప రైతు అరుదు. బస్తా 266 రూపాయల 50 పైసలకు దొరుకుతుంటే, పక్క చేను తన చేనుకంటే నల్లగా కనిపిస్తుంటే, చెయ్యి ఎలా ఆగుతుంది?

ఆ బస్తా వెనక సహజవాయువు ఉంది. గ్యాసును ఆవిరితో విడగొడితే హైడ్రోజన్ వస్తుంది. దాన్ని గాలిలోని నత్రజనితో కలిపితే అమ్మోనియా. గ్యాసులోని కర్బనం బొగ్గుపులుసు వాయువుగా బయటికొస్తే దాన్నీ అమ్మోనియాతో కలిపి యూరియా చేస్తారు. 1909లో హేబర్ ప్రయోగశాలలో చేసి చూపినదాన్ని 1913లో జర్మనీలోని ఒప్పావ్‌లో కర్మాగారంగా నిలబెట్టిన కథ గత భాగాల్లో చదివారు. ఈసారి గుంటూరు పక్కనున్న పెదకాకాని మండలం దగ్గర ఆగుదాం. గ్యాసూ బొగ్గూ లేనప్పుడు ఈ నేలకు నత్రజని ఎక్కణ్ణించి వచ్చింది? అవి లేకుండా చేయబోయినవాళ్లు ఏం చేశారు?

ఈ మండలంలో ఒకవైపు గుంటూరు ఛానల్ కింద మాగాణి, మరోవైపు నల్లరేగడి మెట్ట. మెట్టలో జొన్న వేసేవారు, జొన్న సాళ్ల మధ్య కంది వేసేవారు. ఆముదం, నాటు పత్తి, వరిగ, శనగ ఉండేవి. కందీ శనగా వేర్ల బుడిపెల్లో బాక్టీరియాను పెంచుకుని గాలిలోని నత్రజనిని తింటాయన్న సంగతి 1880లలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనే జర్మన్లు నిరూపించారు. 1888లో హాలండ్‌లో బైయరింక్ ఆ బాక్టీరియాను వేరుచేసి చూపించాడు. మన రైతుకు కారణం తెలియదు గానీ ఫలితం తెలుసు. కంది వేసిన చేలో మరుసటేడు జొన్న ఏపుగా వస్తుందని తెలుసు, అందుకే ఆ పద్ధతి వదల్లేదు.

మాగాణిలో వరి కోసేముందు జనుమో పిల్లిపెసరో చల్లేవారు. కోత అయ్యాక మిగిలిన తడితో అది పెరిగేది. కొంత పశువుల మేతకు పోయేది, మిగిలింది దుక్కిలో కలిసేది. ఇప్పుడు వ్యవసాయ శాఖ పచ్చిరొట్ట ఎరువు అంటూ సబ్సిడీ మీద ఇచ్చే జీలుగ, జనుము విత్తనాలు ఆ వరసలోవే. జీలుగ బాగా పెరిగి పూత దశలో, అంటే నలభై అయిదు, యాభై రోజులకు, కలియదున్నితే ఎకరాకు ముప్పై కిలోలకు అటూఇటూగా నత్రజని వస్తుంది. ఒకటిన్నర బస్తా యూరియా అన్నమాట. ఆ యాభై రోజులూ చేను వేరే పంటకు ఖాళీగా దొరకదు, నీళ్లు కావాలి, దున్నే ఖర్చు పెట్టాలి. కౌలు రైతుకు ఇది ఎందుకు కుదరదో వేరే చెప్పనక్కర్లేదు. పచ్చిరొట్ట బలం రెండేళ్లు ఉంటుంది, కౌలు ఏడాదికే.

ఇక పాటిమన్ను. పాత ఊళ్లు ఖాళీ అయిన దిబ్బల్ని తవ్వి ఆ బూడిదరంగు మట్టిని బండ్ల మీద చేలకు తోలేవారు. వందల ఏళ్లపాటు మనుషులూ పశువులూ ఉన్నచోట మూత్రం, పేడ, బూడిద నేలలో ఇంకి, నేలలోని బాక్టీరియా చేతిలో నైట్రేటుగా మారతాయి. తుపాకిమందుకు కావలసిన సూరేకారం తీసింది కూడా ఇలాంటి మట్టి నుంచే. ఒక తరం వాడేసిన నత్రజనిని ఇంకో తరం చేనుకు తోలుకోవడం ఇది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో ఈ తవ్వకాలకు ఎన్ని పాత దిబ్బలు కరిగిపోయాయో! ఆ మట్టితోపాటు ఏ శాసనం, ఏ బౌద్ధ స్తూపం ఇటుక చేలోకి పోయిందో ఎవరు లెక్క కట్టగలరు? పురావస్తు శాఖవాళ్ల గుండె మండినా, ఆ రైతును తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. ఎరువు దొరికే కొద్ది చోట్లలో అదొకటి.

పశువుల పెంట సంగతి సరే, గొర్రెల మంద గురించి కొంచెం చెప్పాలి. వేసవిలో ప్రకాశం, పల్నాడు వైపు నుంచి మందలు డెల్టా దిక్కుకు దిగేవి. పంట కోసిన చేలో రాత్రికి ఇంతని ఇచ్చి మంద కట్టించుకునేవారు. ఇప్పటికీ కొన్నిచోట్ల కట్టిస్తున్నారు. గొర్రె పెంట, మూత్రం నేరుగా నేలలో పడతాయి, మోసే పని లేదు. ఒకటి మాత్రం గమనించాలి. గొర్రె గానీ ఆవు గానీ నత్రజనిని పుట్టించదు. పగలు గట్ల మీద, బంజర్లలో, అడవిలో తిన్నదాన్ని రాత్రి చేలో వదులుతుంది. పోరంబోకు భూములు ఎన్ని ఉంటే చేలకు అంత బలం. ఆ బంజర్లు తగ్గుతూ వచ్చాయి, మందల దారులు రోడ్లయ్యాయి.

ఈ మండలంలోనే ఉప్పలపాడు చెరువులో గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ వేల సంఖ్యలో గూళ్లు కడతాయి. చెట్ల కింద రెట్ట తెల్లగా పేరుకుంటుంది. పెరూ దీవుల్లో ఇలాంటి రెట్టే కొండలుగా పేరుకుంటే పంతొమ్మిదో శతాబ్దంలో ఐరోపా దేశాలు ఓడలకొద్దీ తవ్వి తీసుకుపోయి అయిపోగొట్టాయి. ఆ తర్వాత చిలీ ఎడారిలోని సూరేకారం మీద పడ్డాయి. అదీ అయిపోతే గోధుమ ఎలా పండుతుందని 1898లో విలియం క్రూక్స్ ఇంగ్లండ్‌లో ప్రశ్నించాకే గాలి నుంచి ఎరువు తీసే పరుగు మొదలైంది.

ఆ పరుగులో మొదట గెలిచింది బొగ్గు కాదు, జలపాతం. 1905లో నార్వేలోని నోటొడెన్‌లో జలవిద్యుత్తుతో పెద్ద మెరుపు పుట్టించి గాలిలోని నత్రజనిని ప్రాణవాయువుతో కలిపి, సున్నపురాయి చేర్చి కాల్షియం నైట్రేట్ అమ్మారు. కరెంటు విపరీతంగా తాగే పద్ధతి. హేబర్ పద్ధతి రాగానే వెనకబడింది. అయినా నార్వేవాళ్లు జలపాతాన్ని వదల్లేదు. నీటిని కరెంటుతో విడగొట్టి హైడ్రోజన్ తీసి, దానితో అమ్మోనియా చేశారు.

మన దేశంలో కూడా శిలాజ ఇంధనం లేకుండా ఎరువు తయారైంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. కేరళలోని ఆల్వాయి దగ్గర ఫ్యాక్ట్ కర్మాగారం 1947లో ఉత్పత్తి మొదలుపెట్టినప్పుడు హైడ్రోజన్ కోసం వాడింది తిరువాన్కూరు అడవుల్లో కొట్టిన కట్టెలు. కట్టెల్ని గ్యాసుగా మార్చి అమ్మోనియా, దాన్నుంచి అమ్మోనియం సల్ఫేటు. మన ఊళ్లలో పాతతరం రైతులు ‘అమ్మోనియా’ అని పిలిచిన తెల్లటి స్ఫటికాల ఎరువు అదే రకం. కట్టెలతో ఎరువు అంటే చెవికి పర్యావరణహితంగా వినిపిస్తుంది, కానీ ఆ లెక్కన దేశానికంతా ఎరువు చేయాలంటే అడవులు మిగలవు. తర్వాత ఫ్యాక్ట్ నాఫ్తాకు మారింది.

1961లో పంజాబులోని నంగల్‌లో ఇంకా పెద్ద ప్రయత్నం జరిగింది. భాక్రా డ్యాం కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్, దాన్నుంచి అమ్మోనియా, దాన్నుంచి కాల్షియం అమ్మోనియం నైట్రేట్. మరుసటేడు అక్కడే అణు రియాక్టర్లకు పనికొచ్చే భారజలం కూడా తీయడం మొదలైంది. ఇవాళ ‘హరిత అమ్మోనియా’ పేరుతో వినిపిస్తున్నది అరవై ఏళ్ల కిందట మన ప్రభుత్వ రంగ కర్మాగారం చేసిన పనే. అక్కడ ఆగిపోయింది కరెంటు దగ్గర. పంజాబు, హర్యానా బోరుబావులకూ పట్టణాలకూ భాక్రా కరెంటు కావాల్సి వచ్చింది. 1970లు ముగిసేలోగా నంగల్ ఇంధన చమురుకు మారిపోయింది. డ్యాం కరెంటుతో ఎరువు చేసి పొలానికి పంపడమా, అదే కరెంటుతో పొలంలో మోటారు తిప్పడమా అన్న ప్రశ్నకు ఆనాటి ప్రభుత్వం మోటారే అంది. అది తప్పు నిర్ణయం అనలేను.

ఇటు గుంటూరుకు 1967 మలుపు. ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. అదే ఏడాది విశాఖలో కోరమాండల్ ఫెర్టిలైజర్స్ ఉత్పత్తి మొదలైంది. అమెరికన్ కంపెనీలు, ప్యారీ కలిసి పెట్టిన ఈ కర్మాగారం నాఫ్తా నుంచి అమ్మోనియా చేసింది. నీళ్లు, ఎరువు, పొట్టి వరి వంగడాలు ఒకేసారి వచ్చాయి. అక్కుళ్లు, కృష్ణకాటుకలు వంటి పాత వరికి ఎరువు ఎక్కువైతే కాండం సాగి పడిపోయేది. పొట్టి రకాలకు ఆ బాధ లేదు. ఆ తర్వాత పదిహేనేళ్లలో మెట్ట రూపం మారింది. జొన్న, కంది వెనక్కి పోయి పత్తి, మిరప ముందుకొచ్చాయి. ఎకరం మిరపకు చెప్పిన 120 కిలోల నత్రజని పశువుల పెంటతోనే ఇవ్వాలంటే ఇరవై నాలుగు టన్నులు కావాలి. బండికి అర టన్ను చొప్పున నలభై ఎనిమిది బండ్లు. వేరుశనగ చెక్కతో అయితే పదిహేడు క్వింటాళ్లు. ఏ ఊళ్లో ఉన్నాయి అన్ని పశువులు, అంత చెక్క?

నత్రజని ఎక్కువైన పత్తి ఆకు మెత్తగా, రసంగా ఉంటుంది, పురుగుకూ తెల్లదోమకూ విందు. 1987–88లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం పత్తిని ఎలా తినేసిందో, ఎందరు రైతులు ప్రాణాలు తీసుకున్నారో పెద్దవాళ్లకు గుర్తుంది. నేరం ఒక్క యూరియాది కాదు. మందులు పనిచేయకపోవడం, అప్పులు, ఒకే పంట మీద పడిపోవడం అన్నీ ఉన్నాయి. కాకపోతే యూరియాకు ఆ కథలో భాగం లేదనడం అబద్ధం.

ఈ నేపథ్యంలో చూడాలి 2018 కొత్త సంవత్సరం రోజుల్ని. నంబూరు దగ్గర, అంటే పెదకాకాని మండలంలోనే, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఆవరణలో రాష్ట్ర ప్రభుత్వం పెద్ద శిబిరం పెట్టింది. మహారాష్ట్రకు చెందిన సుభాష్ పాలేకర్ రోజుల తరబడి వేలమంది రైతులకు పెట్టుబడి లేని ప్రకృతి వ్యవసాయం నేర్పారు. మొక్క బరువులో నూటికి తొంభై ఎనిమిదిన్నర పాళ్లు గాలి, నీరు, ఎండ నుంచి వచ్చేదేనని, మిగిలిన కొంచెం నేలలోనే ఉందని, దాన్ని అందించే సూక్ష్మజీవుల్ని మేల్కొలిపితే చాలని ఆయన వాదన. మేల్కొలిపేది జీవామృతం. ఎకరానికి రెండు వందల లీటర్ల నీరు, పది కిలోల ఆవు పేడ, అయిదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. అదే ఏడాది జూన్‌లో, 2024 నాటికి అరవై లక్షల మంది రైతుల్నీ ఎనభై లక్షల హెక్టార్లనూ ఈ దారి పట్టిస్తామని ప్రభుత్వం ప్రకటించింది.

ఆ జీవామృతం పీపాలో నత్రజని ఎంతుందో ఇంట్లోనే లెక్క కట్టుకోవచ్చు. పేడలో అర శాతం, మూత్రంలో దాదాపు ఒక శాతం, పప్పుపిండిలో మూడు నాలుగు శాతం. అంతా కూడితే పావుకిలోకు మించదు. పదిసార్లు పోసినా రెండున్నర కిలోలు. మిరపకు చెప్పింది 120. మిగతాది గాలి నుంచి సూక్ష్మజీవులు తెస్తాయా అన్నదే అసలు తగువు. 2019 సెప్టెంబరులో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ, ఇది నిరూపణ కాని పద్ధతి అని, దీనిమీద డబ్బు పెట్టొద్దని ప్రధానికి రాసింది. 2020లో స్కాట్లండ్ శాస్త్రవేత్తల బృందం నేచర్ సస్టైనబిలిటీ పత్రికలో ఇంకో లెక్క వేసింది. ఈ పద్ధతి మొత్తంగా, అంటే పప్పుజాతి పంటలు, మల్చింగుతో కలిపి, దేశంలో సగటున వేస్తున్న ఎరువు నత్రజనిలో ఎక్కువలో ఎక్కువ 52 నుంచి 80 శాతం దాకా ఇవ్వగలదని తేల్చింది. ఎరువు తక్కువ వేసే చిన్న రైతుకు నష్టం లేకపోవచ్చు, మోతాదు పెద్దగా వేసే రైతుకు దిగుబడి పడిపోయే ప్రమాదం ఉంది అన్నది దాని సారాంశం. నా మటుకు అందరికంటే నిజాయితీగా మాట్లాడింది ఈ బృందమే.

కార్యక్రమం నడిపే రైతు సాధికార సంస్థ, దాని ఆఫీసు గుంటూరులోనే, ఈ విమర్శల్ని బాహాటంగా ఒప్పుకోలేదు. చేతల్లో మాత్రం మారింది. పేరులోంచి ‘జీరో బడ్జెట్’ పోయింది, ఆంధ్రప్రదేశ్ ప్రజా భాగస్వామ్య ప్రకృతి వ్యవసాయం అయింది. తొలకరికి ముందే పొడి నేలలో నవధాన్యాలు చల్లడం కార్యక్రమానికి గుండెకాయ అయింది. పెసర, మినుము, అలసంద, జనుము, జీలుగ కలిపి చల్లి, పెరిగాక నేలలో కలుపుతారు. జీవామృతం పీపా కంటే నత్రజనిని నిజంగా గాలి నుంచి దించేది ఈ విత్తనాల మూటే. 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ బహుమతి వచ్చింది, మరో ఇద్దరితో పంచుకుంది. లక్షల మంది రైతులు చేరారని సంస్థ చెబుతోంది. అరవై లక్షలు మాత్రం కాలేదు.

ఏ ఉద్యమమూ లేకుండా, ఉపన్యాసం లేకుండా నత్రజని ఆదా చేసిన పంట ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ప్రకాశం జిల్లా నల్లరేగడిలో శనగ. జేజీ–11 రకం 1999లో వచ్చాక, ఇక్రిశాట్, వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధకులు తోడు నిలిచాక, పొగాకు, పత్తి వేసిన చేలు పదేళ్లలో శనగకు మారాయి. శనగకు ఎకరాకు ఎనిమిది కిలోల నత్రజని, అదీ మొదట్లో, చాలు. మిగతాది వేరు బుడిపెలే చూసుకుంటాయి. అక్కడి రైతు భూతాపం గురించి ఆలోచించి మారలేదు. ధర బాగుంది, కూలీ తక్కువ. ధర పడిన ఏళ్లలో గోదాముల్లో శనగ మూలిగి నష్టపోయింది కూడా ఆ రైతే. పప్పుధాన్యానికి గిట్టుబాటు ధర ఇవ్వడం యూరియా దిగుమతి తగ్గించే పని అని ఢిల్లీకి ఎప్పుడు అర్థమవుతుందో!

మిరపకు శనగ దారి లేదు. దానికి కర్మాగారం కావాలి. ఇక్కడే కథ కాకినాడకు వెళ్తుంది. కె.వి.కె. రాజు పెట్టిన నాగార్జున ఫెర్టిలైజర్స్ 1992 నుంచి గోదావరి బేసిన్ గ్యాసుతో యూరియా చేసింది. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇళ్లూ మనుషులూ కాలాక గ్యాసు ఆగింది. కంపెనీ అప్పుల్లో కూరుకుంది. ఆ కర్మాగారాన్ని గ్రీన్‌కో వ్యవస్థాపకుల ఏఎం గ్రీన్ సంస్థ తీసుకుని, ఏడాదికి పది లక్షల టన్నుల హరిత అమ్మోనియా చేస్తామని 2024 ఆగస్టులో పెట్టుబడి నిర్ణయం ప్రకటించింది. ఎండ, గాలి కరెంటు. ఎండ లేని వేళకు నంద్యాల జిల్లా పిన్నాపురంలో నీటిని పైకి ఎక్కించి నిల్వచేసే విద్యుత్ కేంద్రం. నంగల్ చేసిన పనే, భాక్రా బదులు ఎండ.

కరెంటు లెక్క చూడండి. టన్ను అమ్మోనియాకు సుమారు పదివేల యూనిట్లు. యూరియా బస్తాలో ఉండేది ఇరవై అయిదు కిలోల పైన అమ్మోనియా, అంటే బస్తాకు 250 యూనిట్లు. ఎకరం మిరపకు 1,500. 2025లో మన ఎరువుల కంపెనీల కోసం కేంద్రం నడిపిన వేలంలో ఒడిశాలోని పారదీప్‌కు మొదటి ధర కిలోకు 55 రూపాయల 75 పైసలు పలికింది. ఆ లెక్కన బస్తాలోని అమ్మోనియాకే పద్నాలుగు వందల రూపాయలు. సబ్సిడీ లేకపోతే గ్యాసు యూరియా కూడా 266 రూపాయలకు రాదు కాబట్టి ఈ ధర భయపెట్టాల్సినంతది కాదు. అసలు చిక్కు వేరు. యూరియాకు బొగ్గుపులుసు వాయువు కావాలి, గ్యాసు మానేస్తే అది రాదు. విశాఖ దగ్గర పూడిమడకలో 2025 జనవరిలో శంకుస్థాపన జరిగిన ఎన్టీపీసీ హరిత హైడ్రోజన్ కేంద్రం యూరియా కూడా చేస్తానంటోంది, కానీ ఆ వాయువు ఎక్కణ్ణించి తెచ్చినా ఖర్చే. తేలిక దారి అమ్మోనియాతో డీఏపీ, కాంప్లెక్సు చేయడం. అంటే రైతుకు అలవాటైన తెల్ల గుళిక చేతిలో నుంచి మారాలి.

కాకినాడ అమ్మోనియాకు ముందుగా ఒప్పందాలు కుదుర్చుకున్నది విదేశీ కంపెనీలు. జర్మనీ కార్ఖానాలకు, ఓడల ఇంధనానికి అది వెళ్తుంది. 2025 ఖరీఫ్‌లో యూరియా కోసం రైతు సేవా కేంద్రాల ముందు మన రైతులు క్యూ కట్టారు. ఆంధ్ర ఎండతో, ఆంధ్ర నీళ్లతో చేసే నత్రజనిలో ఇంత భాగం ముందు ఇక్కడి ఎరువుల కర్మాగారాలకు అని రాష్ట్ర ప్రభుత్వం భూమి ఇచ్చేటప్పుడే షరతు పెట్టాలి. మెట్టలో కందీ శనగా తిరిగి నిలబడేలా ధర ఇస్తే కర్మాగారం మీద పడే భారం కొంత తగ్గుతుంది. ఈ రెండూ చేయకుండా జీవామృతం పీపాలు పంచడం, హరిత అమ్మోనియా శిలాఫలకాలు వేయడం గుంటూరు రైతుకు ఒరగబెట్టేది తక్కువ.

వచ్చే భాగం భాస్వరం గురించి. ఈలోగా పాఠకులకు ఒక మనవి. మీ ఊళ్లో పాటిమన్ను తోలినవాళ్లు, మంద కట్టించడానికి రాత్రికి ఎంత ఇచ్చారో గుర్తున్నవాళ్లు ఉంటే, ఊరి పేరు, ఏ ఏటి సంగతో చెప్పి రాయండి. పశువుల పెంటకు లెక్కలు దొరుకుతున్నాయి గానీ, ఈ రెంటికీ అధికారుల పుస్తకాల్లో లెక్కలు చాలా తక్కువ.